నల్లగొండ నీళ్ళు వేరు, నోయిడా పేస్టు వేరు

నోయిడాలోనో ఢిల్లీ ద్వారకలోనో మందుల షాపుకెళ్ళి చిన్నపిల్లల టూత్‌పేస్టు అడిగితే, ‘ఫ్లోరైడ్ లేదు’ అని పెద్దక్షరాలతో రాసిన ట్యూబు చేతికొస్తుంది. ఇక్కడి మన తెలుగు తల్లిదండ్రులు ధర ఎక్కువైనా దాన్నే ఏరి కొంటున్నారు. ఫ్లోరైడ్ అనగానే మనకు వంగిపోయిన నడుములు గుర్తొస్తాయి మరి. ఆ భయం ఊరికే పుట్టలేదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, ఉందని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లోనే రాశారు. వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు నీటి ఉద్యమకారుడు దుశర్ల సత్యనారాయణ, నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన ఫ్లోరోసిస్ బాధితుడు అంశాల స్వామిని ఢిల్లీకి తీసుకొచ్చి ప్రధాని బల్ల మీద పడుకోబెట్టారు. 2023 జనవరిలో కన్నుమూసేదాకా ఆ జబ్బుతోనే బతుకుతూ దాని మీదే పోరాడిన మనిషి స్వామి. ఆయన్ను మరిచిపొమ్మని ఎవరూ అనరు.

అయితే ఆ భయాన్ని తెచ్చి పేస్టు మీద రుద్దడం తప్పు. ఆ తప్పుకు శిక్ష పడుతున్నది రెండేళ్ళ, మూడేళ్ళ పిల్లలకు.

నల్లగొండ మనుషుల్ని దెబ్బతీసింది తాగే నీళ్ళు. పుట్టినప్పటి నుంచి లీటర్లకొద్దీ తాగిన నీళ్ళు, ఆ నీళ్ళతోనే వండిన అన్నం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే గతి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతున్నాయి. అక్కడి కొన్ని బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఇక పేస్టు సంగతి చూడండి. 1000 పీపీఎం పేస్టు ఒక గ్రాములో ఉండే ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము. మూడేళ్ళలోపు బిడ్డకు బ్రష్ మీద వేయాల్సింది బియ్యపు గింజంత, అంటే గ్రాములో పదో వంతు. రెండు పూటలా వేసినదంతా మింగేసినా 0.2 మిల్లీగ్రాములు. ప్రమాణం చెప్పిన 1 మిల్లీగ్రాము హద్దు దాకా ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు ఒక లీటరు తాగితే ఒంట్లోకి పోయేదాంట్లో అది అయిదో వంతు.

పైగా ఇక్కడ ఢిల్లీ చుట్టుపక్కల మనం తాగుతున్నది ఏం నీళ్ళు? వంటింట్లో గోడకు తగిలించిన ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసేస్తుంది. నీళ్ళలో తీసేసి, పేస్టులోనూ వద్దని, టిఫిన్ డబ్బాలో క్రీమ్ బిస్కట్లు పెట్టి పంపితే ఆ పంటికి దిక్కెవరు? తీపి తిన్న ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లం పుట్టిస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. కరిగినదాన్ని మళ్ళీ గట్టిపరచడానికి లాలాజలానికి తోడ్పడేది ఫ్లోరైడే. దాని పని ముఖ్యంగా పంటి పైన, మింగితే వచ్చే లాభం తక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఫ్లోరైడ్ పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది ఇందుకే.

‘మా తాత వేపపుల్లతో తోముకుని ముసలితనంలోనూ చెరుకు నమిలాడు’ అంటారు. నిజమే. తాతగారికి గంటకోసారి బిస్కట్ ఎవరిచ్చారు? నోట్లో పాలసీసాతో ఏ రాత్రి నిద్రపోయాడు? నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాలలోని తీపి పైవరస ముందు పళ్ళ చుట్టూ అలాగే నిలిచిపోతుంది. చక్కెర మానేసి బెల్లం, తేనె కలిపామని సంబరపడే ఇళ్ళున్నాయి. పుప్పి పన్నుకు ఆ తేడా తెలియదు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను ఒప్పుకుంటాను. నజఫ్‌గఢ్ వైపు, గురుగ్రామ్‌లో కొన్నిచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంది. బోరు నీళ్ళే నేరుగా తాగే ఇల్లయితే ముందు ఆ నీటిని పరీక్ష చేయించాలి. శాశ్వత దంతాలు దవడ లోపల తయారయ్యే వయసులో ఫ్లోరైడ్ ఎక్కువగా మింగితే వాటి మీద మచ్చలు పడతాయి. అందుకే ట్యూబు పిల్లల చేతికి అందకూడదు. పేస్టు వేయాల్సింది అమ్మో నాన్నో. మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత చాలు, ఉమ్మేయడం నేర్పాలి. టీవీ ప్రకటనల్లో బ్రష్ పొడుగునా పరిచే పేస్టును చూసి మోసపోకూడదు.

‘పాలపళ్ళేగా, ఎలాగూ ఊడేవే’ అనే మాట వింటే నాకు కోపమే వస్తుంది. వెనక దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. నాలుగేళ్ళకే పుచ్చిపోతే బిడ్డ నమలలేడు, రాత్రుళ్ళు నిద్రపోడు. ముందే పీకేస్తే పక్కపళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, రావాల్సిన పంటికి చోటుండదు. దంత వైద్య మండలి 2002-03లో దేశమంతా సర్వే చేస్తే అయిదేళ్ళ పిల్లల్లో సగానికి పైగా పుచ్చుపళ్ళున్నాయని తేలింది.

పుచ్చు నల్లగా మొదలుకాదు. పై పెదవి ఎత్తి వెలుతురులో చూడండి. చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత ఉంటే అదే మొదలు, అప్పటికింకా గుంట పడదు. ఆ దశలో పంటిని వెనక్కి తెచ్చుకోవచ్చు. పేస్టుతో, సీసా మాన్పించి, డాక్టరు పూసే ఫ్లోరైడ్ వార్నిష్‌తో. ఢిల్లీ గేటు దగ్గరి మౌలానా ఆజాద్ దంత వైద్య సంస్థ, ఎయిమ్స్ దంత విభాగం ప్రభుత్వానివే. కానీ తల్లి అక్కడికి వెళ్ళేసరికి పన్ను నల్లబడి, బుగ్గ వాచి ఉంటోంది. తొమ్మిదో నెలలో తట్టు టీకాకు దాదాపు ప్రతి బిడ్డా వస్తుంది, అప్పటికి మొదటి పళ్ళు కనిపిస్తుంటాయి. టీకా వేసే చోటే పెదవి ఎత్తి చూసి, బియ్యపు గింజంత పేస్టు వేసి చూపించే ఏర్పాటు ఉండాలి. ‘ఫ్లోరైడ్ లేదు’ అని గొప్పగా అచ్చేసే ట్యూబు మీద, ఇది పుచ్చును ఆపదు అని కూడా అంతే పెద్దక్షరాల్లో రాయించాలి.