ఉప్పు చల్లిన దారిలో పాత కారు



డిసెంబరు వచ్చినదంటే మన పల్లెలలో తెల్లవారుజామున పొగమంచు, చలిమంటలు, ఇంటింటికీ తిరిగే క్రిస్మసు పాటలు. అదే నెలలో మన బిడ్డలు కొందరు కాపురముంటున్న అమెరికా ఉత్తర రాష్ట్రములలో నేల గడ్డకట్టిపోతుంది. రోడ్డు మీద కంటికి కనబడని మంచు పలక ఏర్పడుతుంది. ఫోనులో బిడ్డ ముఖము మనకు కనబడుతుంది గాని, ఆ బిడ్డ రోజూ ఉద్యోగమునకు వెళ్లి వచ్చే దారి కనబడదు. అందుచేత ఈ నెల మన శీర్షికలో ఆ దారిని గురించి, ఆ దారిలో ఒక పాత కారును ముచ్చటపడి పెంచుకొనే యౌవనస్థులను గురించి వ్రాయదలచాము.

ఇటువంటి ఉత్తరములు మాకు అప్పుడప్పుడు వస్తున్నవి. ఒక తల్లి ఇలా వ్రాసినది: "అయ్యగారూ, మా అబ్బాయి మిషిగన్‌లో మంచి ఉద్యోగము చేసుకుంటున్నాడు. కొత్త కారు కొనుక్కునే స్తోమత ఉంది. అయినా వాడు పుట్టిన ఏడాది తయారైన రెండు సీట్ల పాత కారు కొన్నాడు. సెలవు వస్తే దాని కిందే పడుకుంటాడు. చలికాలములో కూడా దాన్నే నడుపుతానంటున్నాడు. వాడి ప్రాణానికి ఏమవుతుందోనని నాకు భయము. ఆ కారు వాడికి విగ్రహమైపోయిందేమోనని అంతకంటే భయము. అమ్మేయమని మీరైనా ఒక మాట వ్రాయండి."

ఈ తల్లి భయములు రెండు. ఒకటి ప్రాణమును గురించినది, రెండవది ఆత్మను గురించినది. రెండూ తేలికగా తీసివేయదగినవి కావు. ముందుగా ఆ కారు ఏమిటో, ఆ చలి ఏమిటో తెలిసికొందాము.

ఆ అబ్బాయి కొన్నది మాజ్దా మియాటా. జపానులోని హిరోషిమా పట్టణపు కంపెనీ దీనిని 1989 ఫిబ్రవరిలో చికాగో మోటారు ప్రదర్శనలో మొదట చూపించినది. ఇద్దరే కూర్చుంటారు. పైకప్పు గుడ్డది, వెనుకకు మడవవచ్చును. మొదటి తరపు కార్లు 1997 వరకు తయారైనవి. వాటికి దీపములు కప్ప కళ్ల వలె పైకి లేస్తాయి. బరువు సుమారు వెయ్యి కిలోలు మాత్రమే. గుర్రమూ రౌతూ ఒక్కటైనట్లు ఉండవలెనన్న జపాను మాట ఒకటి పట్టుకొని దానిని తయారు చేశారు. 2016 నాటికి పది లక్షల మియాటాలు తయారైనవి. కనుక ఇది ధనవంతులు దాచుకొనే వింత వస్తువు కాదు. సామాన్య ఉద్యోగి కొనుక్కొని, సొంత చేతులతో బాగు చేసుకొనగలిగిన కారు. ముప్పై ఏళ్లు దాటినా దానిని ప్రేమించేవారు ఉండుటకు అదే కారణము.

అయితే దీని శక్తి వెనుక చక్రములకు పోతుంది. మన పాత అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లు కూడా అటువంటివే. నల్లరేగడి బురదలో ఖాళీ అంబాసిడరు వెనుక చక్రములు ఎలా గిర్రున తిరిగేవో పాత డ్రైవర్లకు జ్ఞాపకముండును. పట్టు దొరకుటకు ట్రాక్టరు వెనుక టైర్లలో నీళ్లు నింపే రైతు సోదరులకు దీనిని వేరే చెప్పనక్కర లేదు. అక్కడ కొందరు కారు వెనుక డిక్కీలో ఇసుక సంచులు కదలకుండా కట్టి ఉంచుతారు. బరువునకు బరువు, చక్రము జారితే ఆ ఇసుకే దాని క్రింద చల్లుకోవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది టైరు. చలికాలములో మన ఇంటిలో కొబ్బరినూనె గడ్డకట్టినట్లు, ఏడు డిగ్రీల కంటే చలి పెరిగితే వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. చలికాలపు టైరు రబ్బరు వేరు. అది మెత్తగానే ఉంటుంది, దాని మీద సన్నని గాట్లు ఎక్కువ. మూడు శిఖరముల కొండ, నడుమ మంచు పువ్వు గుర్తు దాని ప్రక్కన ముద్రించి ఉంటుంది. కెనడా దేశపు క్యూబెక్ రాష్ట్రములో 2008 నుండి చలికాలమున అటువంటి టైర్లు తప్పనిసరి అని చట్టమే ఉన్నది. వెనుక చక్రములకే శక్తి పోతుంది గదా అని రెండు మాత్రమే మార్చుట ప్రమాదము. ముందు చక్రములు పట్టు లేనివైతే కారు తిరగదు, ఆగదు. నాలుగూ మార్చవలెను. చలికి టైరులోని గాలి కూడా కుంచించుకొనును. ఆరు డిగ్రీలు చలి పెరిగితే సుమారు ఒక పౌను గాలి తగ్గుతుంది. ఉదయమున కారు కదలక ముందే గాలి కొలిచి చూసుకొనవలెను.

ఇంజను సంగతి. మన ఊళ్లలో రేడియేటరులో బావి నీళ్లు పోసి నడిపే అలవాటు ఉన్నది. అక్కడ అలా చేస్తే ఒక్క రాత్రిలో ఆ నీరు గడ్డకట్టి, ఉబ్బి, ఇనుప ఇంజనునే పగులగొట్టును. నీరు సగము, గడ్డకట్టకుండా చేసే మందు సగము కలిపి పోస్తే సున్నా క్రింద 37 డిగ్రీల వరకు భయము లేదు. సున్నా క్రింద 18 డిగ్రీల చలిలో బ్యాటరీ బలము సుమారు సగము పడిపోతుంది. మియాటాలో బ్యాటరీ వెనుక డిక్కీలో ఉంటుంది గనుక, దానిని మరచిపోవుట సులభము. పైకప్పుకు వెనుక ఉండే ప్లాస్టిక్ కిటికీ చలిలో పెళుసెక్కును. గడ్డకట్టే వేళ కప్పు మడిస్తే ఆ కిటికీ పగులుతుంది.

ఇక ఉప్పును గురించి. మంచు కరుగుటకు అక్కడి రోడ్ల మీద లారీలతో ఉప్పు చల్లుతారు. మిషిగన్‌లోని డెట్రాయిట్ నగరము క్రింద, వెయ్యి అడుగులకు పైగా లోతున పెద్ద ఉప్పు గని ఉన్నది. ఉప్పు నీరు మంచినీటి కంటే ఎక్కువ చలిలో గాని గడ్డకట్టదు. అందుచేత చల్లిన చోట మంచు కరిగి, చక్రమునకు పట్టు దొరుకుతుంది. సున్నా క్రింద తొమ్మిది పది డిగ్రీలు దాటితే ఆ పని మందగించును. ఆ ఉప్పు ఎన్నో ప్రాణములను కాపాడుతున్నది. అదే ఉప్పు నీరు కారు అడుగున చేరి ఇనుమును తినివేస్తున్నది. సముద్రపు ఒడ్డున ఉండే మన సంఘముల వారికి ఉప్పు గాలి కిటికీ చువ్వలను ఏమి చేయునో తెలుసును.

మియాటా కార్లకు ఈ తుప్పు మొదలయ్యే చోటు ఒకటి ఉన్నది. పైకప్పు మీద పడిన వాన నీరు సీట్ల వెనుక ఉన్న సన్నని దారుల గుండా క్రిందికి పోవలెను. ఆకులు, దుమ్ము చేరి ఆ దారి మూసుకొంటే నీరు లోపలే నిలిచి, తలుపుల క్రింది ఇనుప పట్టీని లోపలి నుండి తినివేయును. పైన రంగు అద్దము వలె మెరుస్తూనే ఉంటుంది. ఒకనాడు జాకీ ఎత్తిన చోట ఇనుము పొడి అయి రాలును. అందుచేత ఆ కారును నిజముగా ప్రేమించేవాడు పైన రంగు తుడుచుటతో ఆగడు. ఆ దారులను శుభ్రము చేయును. చలికాలమునకు ముందే అడుగున నూనె పూత వేయును. కొంచెము ఎండ వచ్చి మంచు కరిగిన రోజున అడుగంతా నీటితో కడుగును. ఆ తల్లి తన కుమారుడు సెలవు దినమున కారు క్రింద పడుకుంటున్నాడని బాధపడినది. ఆ కారుకు అవసరమైన పని చాలా వరకు ఉన్నది అక్కడే.

మన ప్రభువు తన శిష్యులను ఉప్పుతో పోల్చిన మాట మత్తయి సువార్త ఐదవ అధ్యాయములో చదువుతాము. ఆరవ అధ్యాయములో తుప్పు పట్టే భూలోక ధనమును గురించి హెచ్చరించిన మాట కూడా చదువుతాము. పాత కారును కాపాడుకొనేవానికి ఈ రెండవ మాట మనకంటె బాగుగా తెలియును. ఎంత కడిగినా, ఎంత పూత వేసినా, ఆ కారు శాశ్వతము కాదని అతని చేతులే అతనికి చెప్పుచున్నవి.

నడుపుటను గురించి కొన్ని మాటలు. మంచు మీద తొందర పనికిరాదు. బ్రేకు, ఆక్సిలరేటరు, స్టీరింగు అన్నీ మెల్లగా కదపవలెను. ముందున్న కారుకూ మనకూ నడుమ మామూలు రోజులలో మూడు సెకండ్ల ఎడము చాలును. మంచు మీద ఎనిమిది పది సెకండ్లు ఉంచవలెను. వంతెనల క్రింద చలి గాలి తిరుగును గనుక అవి రోడ్డు కంటే ముందు గడ్డకట్టును. వెనుక చక్రములు జారితే గాభరాపడి బ్రేకు తొక్కరాదు. ఆక్సిలరేటరు మీద నుండి కాలు తీసి, పోవలసిన వైపు చూస్తూ, ఆ వైపునకే స్టీరింగు త్రిప్పవలెను. కారు మంచులో కూరుకొని ఆగిపోతే, ఇంజను వేసి వెచ్చగా కూర్చొనుటకు ముందు పొగగొట్టము చుట్టూ ఉన్న మంచును తీయవలెను. గొట్టము మూసుకొంటే వాసన లేని విషవాయువు లోపలికి వచ్చి, నిద్రలోనే ప్రాణము తీయును. కారులో దుప్పటి, చిన్న పార, టార్చిలైటు ఉండవలెను.

ఇంకొక సత్యము కూడ ఒప్పుకొనవలెను. ఇప్పటి కార్లలో జారినప్పుడు దానంతట అదే సరిదిద్దే ఏర్పాట్లు ఉన్నవి. ముప్పై ఏళ్ల నాటి మియాటాలో అవి లేవు. చాలా వాటిలో చక్రములు బిగిసిపోకుండా చూచే బ్రేకు కూడ లేదు. కారు పొట్టిది, చిన్నది. పెద్ద లారీ డ్రైవరు కంటికి ఆనదు. కనుక మంచు తుపాను, గడ్డకట్టే వాన అని హెచ్చరిక వచ్చిన రోజున ఎంత నేర్పు ఉన్నా ఆ కారు షెడ్డులోనే ఉండవలెను. ఆ దేశములో దానిని ప్రేమించేవారిలో అనేకులు చలికాలమంతా దానిని షెడ్డులో ఉంచి, రోజువారీ పనికి వేరే కారు నడుపుతారు.

ఇక ఆ తల్లి రెండవ భయము. కారు విగ్రహమైనదా? దీనికి జవాబు కారులో దొరకదు. ఆ కుమారుడు తనను తాను కొన్ని ప్రశ్నలు అడుగుకొనవలెను. హెచ్చరిక వచ్చిన రోజున దానిని ఇంటి దగ్గర వదలి బస్సులో గాని, స్నేహితుని కారులో గాని వెళ్లగలనా? దాని సామానులు కొనుటకు ముందు దేవుని భాగమును, ఇంటికి పంపవలసినదానిని తీసిపెట్టుచున్నానా? ఆదివారము ఆరాధన వేళ నేను ఎక్కడ ఉన్నాను? పొరుగువాని బ్యాటరీ చచ్చిపోతే నా పని ఆపి వెళ్లుదునా? వీటికి అవునని చెప్పగలిగినవానికి కారు యజమాని కాదు, అతడే దానికి యజమాని. చెప్పలేనివానికి కొత్త కారు కూడ విగ్రహమే అగును.

వారమంతా కంప్యూటరు ముందు కూర్చొనే యౌవనస్థుడు సెలవు దినమున చేతులు మురికి చేసికొని, ఓపికతో ఒక వస్తువును నిలబెట్టుట చెడ్డ అలవాటు కాదు. మందల స్థితి జాగ్రత్తగా తెలిసికొనుమని సామెతల గ్రంథము కాపరికి చెప్పుచున్నది. మన తండ్రులు ఒక్క సైకిలును ముప్పై ఏళ్లు కాపాడి, దాని మీదనే పిల్లలను బడికి చేర్చలేదా? తల్లిదండ్రులమైన మనము కూడ మన మనస్సును పరీక్షించుకొందము. మన బాధ బిడ్డ క్షేమమును గురించినదేనా? లేక ఊరిలో పదిమందికి ఫోటో చూపించుటకు పెద్ద కొత్త కారు లేదన్న చిన్నతనము కూడ అందులో కలిసి ఉన్నదా?

కనుక అమ్మగారికి మా సలహా ఇది. అమ్మేయమని ఒత్తిడి చేయవద్దు. "టైర్లు నాలుగూ మార్చావా నాయనా? కారులో దుప్పటి పెట్టుకున్నావా? తుపాను రోజున దేనిలో వెళ్తావు?" అని అడగండి. ఆ ప్రశ్నలలో మీ ప్రేమ అతనికి అర్థమగును. ఇంకొక సంగతి. చలికాలములో మిషిగన్ గడియారము మనకంటె పదిన్నర గంటలు వెనుక ఉండును. మనకు సాయంకాలము ఆరున్నర అయినప్పుడు అక్కడ ఉదయము ఎనిమిది, అంటే బిడ్డ ఉద్యోగమునకు వెళ్లే దారిలో ఉండే వేళ. ఆ వేళ ఫోను చేయవద్దు. అతడు చేరిన తరువాత మాట్లాడండి.

మన దగ్గర మంచు పలకలు లేవు గాని, పొగమంచు ఉన్నది. క్రిస్మసు రాత్రి ఆరాధన ముగించుకొని తెల్లవారుజామున కుటుంబములతో ఇండ్లకు మరలే వేళ రోడ్డు ప్రక్కన వెనుక దీపము లేని ట్రాక్టరు నిలిచి ఉండవచ్చును. మీ బండి ఏదైనా సరే, ఈ వారమే వెనుక దీపము, బ్రేకు, టైరు చూపించుకొనండి. ట్రక్కు వెనుక ఎర్రగా మెరిసే బిళ్ల అంటించండి. మంచు దట్టముగా ఉంటే గుడిలోనే ఒక గంట ఆగి, పొద్దెక్కిన తరువాత బయలుదేరండి.

దూరదేశపు దారులలో ఉన్న మన బిడ్డలను, మన పల్లె దారులలో ఉన్నవారిని ప్రభువు క్షేమముగా ఇంటికి చేర్చును గాక. ఆమేన్.