‘సంకోచింపజేయును’ అన్న క్రియపై ఒక అభియోగం



తెలుగు పంతులుకు కండరాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. సరిహద్దు జిల్లాలోని మా బడిలో విజ్ఞానశాస్త్రం తెలుగులో చెప్పేవారు లేనప్పుడు ఆ పుస్తకం కూడా నా చేతికే వచ్చేది. కాల్షియం కండరాన్ని సంకోచింపజేయునన్న వాక్యాన్ని ఏళ్ల తరబడి పిల్లలచేత వల్లె వేయించిన వారిలో నేనూ ఒకడిని. కనుక ఈ అభియోగంలో మొదటి ముద్దాయిని నేనే.

వ్యాకరణం తెలిసినవారికి ‘సంకోచింపజేయు’ ప్రేరణార్థకమని చెప్పనక్కరలేదు. ఆ మాట వాడితే కాల్షియం చేయించే దొర, కండరం చేసే బంటు. ప్రకృతిలో ఇటువంటి దొరతనం లేదు. కాల్షియం కండరాన్ని సంకోచింపనిస్తుంది, అంతే. పలుపు విప్పినవాడు ఎద్దును నడిపించాడని ఏ రైతూ అనడు. మన పుస్తకాలు మాత్రం అంటున్నాయి.

నా పక్షాన సాక్షి స్కాలప్ అనే ఆల్చిప్ప జాతి జీవి. విసనకర్ర ఆకారపు చిప్పలు గల ఈ జీవులలో ఒక రకం ఉత్తర అమెరికా అట్లాంటిక్ తీరంలో ఉంటుంది. రెండు చిప్పలనూ టపటప కొట్టుకుంటూ, నీటిని చిమ్ముతూ ఈదుతుంది. చిప్పలను తెరిచేది మడతబందు దగ్గర రబ్బరులా సాగే బంధకం. మూసేది లావుపాటి కండరం.

ఏ కండరంలోనైనా లాగే కూలీ మయోసిన్ అనే చలన ప్రోటీను. ఏ.టి.పి.ని ఖర్చు చేస్తూ ఏక్టిన్ తంతువును పట్టి లాగుతుంది. మన ఎముకలను కదిలించే కండరాలలో అదుపు ఏక్టిన్ మీద ఉంది. 1960ల దశకంలో జపాను శాస్త్రవేత్త సెట్సురో ఎబాషి బృందం కనుగొన్న ట్రోపోనిన్‌కు కాల్షియం అంటుకోగానే ట్రోపోమయోసిన్ పక్కకు జరుగుతుంది, మయోసిన్‌కు పట్టు దొరుకుతుంది. గమనించండి, ఇక్కడ కూడా జరిగింది అడ్డు తొలగడమే.

పుస్తకం అక్కడితో ఆగి, లోకంలోని కండరాలన్నీ ఇంతే అన్న భ్రమను మిగులుస్తుంది. 1970లో కెండ్రిక్-జోన్స్, లేమన్, సెంట్-జార్జి అనే ముగ్గురు మెత్తనికాయ జీవులలో అదుపు మయోసిన్ మీదనే ఉందని చూపారు. మయోసిన్ అణువులో రెండు బరువైన గొలుసులు, నాలుగు తేలిక గొలుసులు ఉంటాయి. రెండు తలలలో ఒక్కొక్కదాని మెడకు ఒక ‘ఆవశ్యక’ గొలుసు, ఒక ‘నియంత్రక’ గొలుసు చుట్టుకొని ఉంటాయి. తరువాతి ప్రయోగాలలో, లోహాలను పట్టి లాగేసే ఇ.డి.టి.ఏ. అనే రసాయనంతో స్కాలప్ మయోసిన్ నుండి నియంత్రక గొలుసును ఊడదీశారు. యంత్రం ఆగిపోవాలి కదా? ఆగలేదు. కాల్షియం లేకున్నా ఏక్టిన్‌తో కలిసి ఏ.టి.పి.ని ఖర్చు చేస్తూనే పోయింది! ఆ గొలుసును మళ్లీ చేర్చితే, మళ్లీ కాల్షియం కోసం కాచుకొని కూర్చుంది.

కాల్షియమే పని చేయించేదైతే, అది లేనప్పుడు ఆ పని చేయించిందెవరు? ‘సంకోచింపజేయును’ అని రాసినవారు దీనికి సమాధానం చెప్పాలి.

మరొక విచిత్రం. ఊడదీసింది నియంత్రక గొలుసును గనుక కాల్షియం కూర్చునేది దానిమీదే అని అనుకోవడం సహజం. 1994లో అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంవారు ఆ మెడ భాగపు స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించారు. కాల్షియం పీట ఆవశ్యక గొలుసు మీద ఉంది. పక్కనున్న నియంత్రక గొలుసు ఆ పీట కదలకుండా ఆనుకొని పట్టుకుంటుంది. పేరును బట్టి పని ఊహించే అలవాటు ఉన్న మాబోటి భాషా పంతుళ్లకు ఇది మంచి చురక.

ఎంత కాల్షియం కావాలో చూడండి. గుల్లసున్నం కాల్చే మనవారికి చిప్ప నిండా సున్నమేనని తెలుసు. కాల్షియం పేరు కూడా లాటిన్‌లో సున్నాన్ని చెప్పే మాట నుండే వచ్చింది. కండరకణం లోపల మాత్రం విశ్రాంతిలో లీటరుకు మోలులో కోటవ వంతు ప్రాంతం, పనిలో లక్షవ వంతు ప్రాంతం. ఆ కాస్త తేడాకే చిప్ప మూసుకుంటుంది.

“ఇవన్నీ మినహాయింపులు, పిల్లలను తికమక పెట్టకండి” అంటారు కొందరు. జంతు వర్గాలలో సంఖ్యలో రెండవ స్థానంలో ఉన్న మెత్తనికాయ జీవులు మినహాయింపా? రెండు రకాల అదుపులూ కలిగిన వెన్నెముక లేని జీవులు ఎన్నో ఉన్నాయని 1975 నాటికే తేలింది. స్కాలప్‌లో కూడా ట్రోపోనిన్ ఉందని తరువాత తెలిసింది. ఆ సంగతి దాచి వాదించడం నాకు ఇష్టం లేదు. అయితే అది నా వాదానికి హాని చేయదు. అదుపు ఎక్కడున్నా కాల్షియం చేసేది పలుపు విప్పడమే.

మీ ఇంటి పిల్లల జీవశాస్త్ర పుస్తకం తెలుగుదైనా, కన్నడమో తమిళమో ఒడియానో అయినా సరే, కండరాల పాఠం తీసి ఆ వాక్యంలో ఏ క్రియ ఉందో చూడండి. ప్రేరణార్థకమే ఉంటే పెన్సిలుతో దిద్ది, పిల్లవాడికి స్కాలప్ కథ చెప్పండి. పరీక్షలో మార్కు పోతుందేమోనని భయపడితే, ఆ సంగతి నాకు రాయండి. మూల్యాంకనానికి వెళ్లినప్పుడు ‘సంకోచింపనిచ్చును’ అని రాసిన పిల్లవాడి పక్షాన పోట్లాడడానికి నేను సిద్ధం.