మందు నేరుగా కణితికే వెళ్తుందా?

సీలేరు నుంచి ఒక చెల్లెమ్మ ఉత్తరం రాసింది. వాళ్ల అత్తగారికి పెద్దపేగు కేన్సరు. విశాఖలో డాక్టరుగారు "కణితికి రక్తం అందకుండా చేసే మందు ఎక్కిస్తాం" అన్నారట. "అక్కయ్యా, ఆ మందు కణితి దగ్గరికే వెళ్తుందా, ఒళ్లంతా పాకుతుందా?" అని అడిగింది. మనందరం తెలుసుకోవలసిన సంగతే ఇది.

చెల్లెమ్మా, నీళ్ల సంగతి మీ ఊరివాళ్లకి ఒకరు చెప్పాలా! రిజర్వాయరు నీళ్లు అందితేనే పవర్‌హౌసు నడుస్తుంది. కణితీ అంతే. ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి. అందుకని "ఇటు కాలవలు తవ్వండి" అని చుట్టుపక్కలకి కబురు పంపుతుంది. ఆ కబురుని అడ్డుకుంటే కణితి ఎదుగుదలని ఆపవచ్చని 1971లో జుడా ఫోక్‌మన్ అనే అమెరికా సర్జను చెప్పారు. అప్పట్లో నమ్మినవాళ్లు తక్కువే. 2004లో అమెరికాలో పెద్దపేగు కేన్సరుకి అనుమతి పొందిన బెవాసిజుమాబ్ అనే మందు సరిగ్గా ఆ పనే చేస్తుంది. మన హైదరాబాదు కంపెనీలు కూడా ఈ రకం మందు తయారుచేసి, హెటిరో 2016లో, డాక్టర్ రెడ్డీస్ 2019లో, మన దేశంలో విడుదల చేశాయి.

ఇక నీ ప్రశ్నకి జవాబు. ఈ మందుని సెలైనులాగా నరంలోకి ఎక్కిస్తారు. కనుక ఒళ్లంతా తిరుగుతుంది. షుగరు వల్ల దెబ్బతిన్న కంటికైతే ఇదే మందుని చాలా కొద్దిగా, నేరుగా కంట్లోకే ఇంజెక్షను చేస్తారు. కాలేయంలో కణితికి మరో పద్ధతి ఉంది. గజ్జల్లోనో, మణికట్టు దగ్గరో ధమనిలోకి సన్నని గొట్టం పంపి, కణితికి రక్తం మోసే నాళంలోనే కేన్సరు మందు వదిలి, ఆ దారి మూసేస్తారు. రక్తనాళాల్ని అడ్డుకునే మందుల్ని అతి చిన్న రేణువుల్లో పెట్టి కణితి దగ్గరే విడిచేలా చెయ్యాలని పరిశోధనలూ సాగుతున్నాయి.

మందు ఒళ్లంతా తిరుగుతుంది కనుకే ఇంట్లోవాళ్లం కనిపెట్టుకుని ఉండాలి. బి.పి. పెరగవచ్చు. దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో తరచూ చూపించి, చీటీ మీద రాయించి ఉంచు. డాక్టరు చెప్పినప్పుడల్లా మూత్రం పరీక్ష చేయించు. గాయం మానడానికీ కొత్త రక్తనాళాలే కావాలి కదా! అందుకని పన్ను పీకించుకోవాలన్నా, చిన్న ఆపరేషన్ అన్నా ముందు కేన్సరు డాక్టరుని అడగాలి. పెద్ద ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందే ఈ మందు ఆపుతారు. ఆకు పసర్లు వాడుతుంటే దాచకుండా చెప్పండి. కడుపుతో ఉన్నవాళ్లకి ఈ మందు పనికిరాదు.

హఠాత్తుగా భరించలేని కడుపునొప్పి, ఆగని రక్తస్రావం, గుండెనొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం... వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు. ఘాట్‌రోడ్డు ప్రయాణం మాటలు కాదు కనుక, రాత్రివేళ ఏ బండి దొరుకుతుందో, ఏ ఆస్పత్రికి వెళ్లాలో ముందే అనుకుని ఉంచండి. మందు పని మందు చేస్తుంది, కనిపెట్టుకుని ఉండే పని మనదే!