ఓజోన్‌పై నిఘా సడలకూడదు

అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడిపోతోందని 1985 మే నెలలో ప్రపంచానికి చెప్పింది ఉపగ్రహం కాదు. హాలీ బే స్థావరంలో 1950ల నుంచి నేల మీదే ఉండి ఆకాశాన్ని కొలుస్తున్న డాబ్సన్ పరికరం. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన జో ఫార్మన్, బ్రయాన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ ‘నేచర్’ పత్రికలో ఆ లెక్కలు ప్రకటించేనాటికి నాసా ఉపగ్రహం నింబస్-7 అదే ఆకాశం మీదుగా ఆరేళ్లకు పైగా తిరుగుతోంది. మరి దానికెందుకు కనబడలేదు?

తక్కువ అంకెలను నాసా కంప్యూటర్లు చెత్తబుట్టలో పడేశాయన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. 180 డాబ్సన్ యూనిట్లకు లోపు వచ్చిన కొలతలకు అనుమానాస్పదమని గుర్తు పెట్టారంతే. 1983 అక్టోబరు లెక్కల్లో అలాంటి గుర్తులు దక్షిణ ధ్రువం చుట్టూ గుంపుగా పడ్డాయి. సరిచూద్దామని ధ్రువం మీది స్థావరం లెక్క తీస్తే అక్కడ దాదాపు 300 ఉంది. చివరికి తప్పు ఆ స్థావరం లెక్కదేనని తేలింది. ఈలోగా ఫార్మన్ బృందం వ్యాసం అచ్చయిపోయింది. అయితే ఆ లోటు ఒక్క హాలీ బే మీదిదే కాదు, ఖండమంతా పరుచుకుందని చూపింది మాత్రం ఉపగ్రహ పటాలే.

కొలిచే పద్ధతి సూత్రరీత్యా తేలికే. 317 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ఓజోన్ బాగా పీల్చుకుంటుంది, 331 నానోమీటర్ల కాంతిని అంతగా పీల్చదు. భూమి నుంచి వెనక్కి వచ్చే వెలుతురులో ఈ రెండింటి నిష్పత్తి చూస్తే మధ్యలో ఓజోన్ ఎంతుందో తెలుస్తుంది. ఉన్నదే కొంచెం. తలపైనున్న ఓజోన్ మొత్తాన్ని నేలమట్టపు పీడనానికి, సున్నా డిగ్రీల చలికి తెస్తే సగటున 3 మిల్లీమీటర్ల మందం, అంటే 300 యూనిట్లు.

చిక్కంతా నింబస్-7లోని ఓజోన్ కొలిచే పరికరం ‘టామ్స్’ ముసలిదవుతున్నప్పుడే. వచ్చే ఎండ ఎంతో తెలియడానికి నింబస్-7 ఒక లోహపు పలక మీద పడ్డ సూర్యకాంతిని చూసేది. ఏళ్ల తరబడి ఎండకు ఆ పలకే మసకబారింది. పొట్టి తరంగాల దగ్గర మరీ ఎక్కువ మసకబారడంతో, లేని ఓజోన్ తరుగు కూడా లెక్కలోకి వచ్చింది. 1988లో నిపుణుల బృందం నేల కేంద్రాల కొలతలతో పోల్చి దాన్ని విడదీసింది. అలా తీసేశాక కూడా అసలు తరుగు మిగిలింది. తర్వాతి టామ్స్ పరికరాల్లో మూడు పలకలు అమర్చారు, ఒకదాన్ని అరుదుగా మాత్రమే ఎండకు చూపారు. ఇంతటి జాగ్రత్త వల్లే ఈ కొలతలకు విశ్వసనీయత వచ్చింది.

ఇప్పుడు నా ఆందోళన మరోచోట. ఓజోన్ రంధ్రం విస్తీర్ణం ఏటా వాతావరణాన్ని బట్టి మారుతుంది. 2019లో అది బాగా చిన్నదైతే, స్ట్రాటోస్ఫియర్ అకస్మాత్తుగా వేడెక్కడం దానికి కారణం. ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను అరికట్టే మాంట్రియల్ ఒప్పందం పనిచేస్తోందా అన్నది అసలు దోషి అయిన క్లోరిన్‌ను కొలిస్తేనే తేలుతుంది. 2004లో ఎగిరిన ఆరా ఉపగ్రహంలోని మైక్రోవేవ్ పరికరం వాయువులు స్వయంగా వెలువరించే తరంగాలను పట్టుకుంటుంది కనుక ఆరు నెలల ధ్రువపు చీకట్లోనూ చూడగలదు. ఆ కొలతలతోనే నాసా శాస్త్రవేత్తలు సుసాన్ స్ట్రాహాన్, ఆన్ డగ్లస్ క్లోరిన్ తగ్గుతోందని, 2005తో పోలిస్తే 2016 నాటికి చలికాలపు ఓజోన్ నష్టం సుమారు 20 శాతం తగ్గిందని 2018లో చూపారు.

ఆరా నిర్ణీత ఆయుష్షు దాటి చాలా కాలమైంది. మొత్తం ఓజోన్ కొలవడానికి సెంటినెల్-5పి ఉపగ్రహం, ఓమ్ప్స్ పరికరం వంటివి ఉన్నాయి. చీకట్లోనూ, రోజూ, భూగోళమంతటా క్లోరిన్ సమ్మేళనాలను కొలిచే వారసుడు మాత్రం సిద్ధంగా లేడు. అంటార్కిటికా మీది ఓజోన్ 1980 స్థాయికి చేరేది 2066 ప్రాంతంలోనని 2022 అంతర్జాతీయ నివేదిక అంచనా. అప్పటిదాకా తెంపు లేని లెక్క కావాలి, పాత పరికరం పనిచేస్తుండగానే కొత్తది ఎగిరి దానితో పోల్చుకోవాలి. 1994 డిసెంబరులో రష్యా మీటియర్-3 మీది టామ్స్ మూగబోయాక, 1996లో ఎర్త్ ప్రోబ్ ఎగిరేదాకా టామ్స్ శ్రేణిలో ఏడాదిన్నర ఖాళీ మిగిలింది. ఇప్పుడు నిధులు కేటాయించకపోతే ఈసారి ఖాళీ అంతకన్నా చాలా పెద్దదవుతుంది.