కొండదారిలో రైలును చూడగోరువారికి
విశాఖపట్నము నుండి అద్దాల పెట్టెలో అరకు పోయి, లోయలను గాంచి మురిసి మరలివచ్చువారు, తామెక్కిన రైలును మాత్రము చూడనేలేదని నా దృఢాభిప్రాయము. బైలదిల్లా ఇనుప ఖనిజమును జపానుకు ఎగుమతి చేయుటకై 1960వ దశకమున కొండలు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూలు మార్గము, పెక్కు సొరంగములు దాటి, 996 మీటర్ల యెత్తునగల శిమిలిగుడ స్టేషనును చేరు తీరు తెలియవలెనన్న, ఒకచోట దిగి వేచియుండవలెను. వలిసెపూలు పసుపుపచ్చగా విరియు కార్తీకమే తగిన కాలము; వానకాలపు మంచులో కెమెరాకు కొండయే కానరాదు. ఉదయభానుడు వీపువైపున నుండునట్లు, పట్టాలకు దూరముగా, వంపు చూచుకొని నిలువవలెను. ఖనిజము నిండిన గూడ్సు దిగునపుడు ముందుగా బ్రేకుల రాపిడి వినవచ్చును. పిదప ఎఱ్ఱధూళి పట్టిన పెట్టెలు సొరంగముఖమున ఒక్కొక్కటిగా వెలువడును. తొందరపడి యింజను నొక్కదానినే పట్టరాదు. వరుస వంపంతయు నిండిన పిమ్మటనే మీట నొక్కవలెను. ఇట్టి వంపులచెంత రైల్వేవారు కంచెతో కూడిన వీక్షణవేదికలను నిర్మించినచో, చిత్రమునకై పట్టాలపైకి దిగు యువకుల ప్రాణములు దక్కును.