సూది వద్దన్న జాగ్రత్త ఎవరి కోసం?

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన మరమగ్గాల కార్మికుల కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒకే గదిలో ఐదారుగురు పడుకునే ఇళ్లలో ఒక బిడ్డకు గొంతునొప్పి వస్తే మరో బిడ్డకు అంటుకోవడానికి ఎంతో కాలం పట్టదు. ఇలాంటి నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే, వాటంతటవే తగ్గిపోతాయి. గ్రూప్-ఎ స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చినవి మాత్రం కొందరు పిల్లల్లో రెండు మూడు వారాలకు రుమాటిక్ జ్వరానికి దారితీస్తాయి. బ్యాక్టీరియాపై పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున కీళ్లనూ గుండె కవాటాలనూ దెబ్బతీస్తుంది. కీళ్లు కోలుకుంటాయి. కవాటాలు అన్నిసార్లూ కోలుకోవు. ఆ బ్యాక్టీరియా మళ్లీ సోకితే జబ్బు తిరగబెట్టి మరింత నష్టం చేస్తుంది. అందుకే మూడు నాలుగు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌ను ఏళ్ల తరబడి ఇవ్వాలి.

ఇక్కడే కొందరు వైద్యులు వెనుకాడతారు. 'సూది వద్దు, మాత్రలు వాడదాం' అంటారు. పెన్సిలిన్ పడక అనాఫిలాక్సిస్ వస్తే ప్రాణం మీదికి రావచ్చు. చిన్న క్లినిక్‌లో అలాంటిది జరిగితే బంధువుల ఆగ్రహం సంగతి వేరే చెప్పక్కర్లేదు. భయం నిరాధారం కాదు. అయితే అది ఎంత? 1991లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 1,790 మంది రోగులకు 32,430 ఇంజెక్షన్లు ఇస్తే, అనాఫిలాక్సిస్ వచ్చింది నలుగురికి. వారిలో ఒకరు మరణించారు. ఇక ఉగాండాలో 818 మంది పిల్లలపై జరిగి, 2021లో వెలువడిన పరిశోధన రెండో వైపు చూపించింది. కవాట లోపం తొలిదశలోనే బయటపడిన ఈ పిల్లల్లో, రెండేళ్లలో జబ్బు ముదిరినవారు ఇంజెక్షన్ తీసుకున్న వర్గంలో 0.8 శాతం, తీసుకోని వర్గంలో 8.2 శాతం.

సూది వల్ల కలిగే ప్రమాదం వైద్యుడి కళ్లెదుటే జరుగుతుంది. సూది వేయకపోవడం వల్ల కలిగే నష్టం పదేళ్ల తర్వాత, మరో ఆసుపత్రిలో, మెట్లెక్కలేని ఆయాసంగా బయటపడుతుంది. మొదటిది మాత్రమే లెక్కపెట్టే జాగ్రత్త వైద్యుడిని కాపాడుతుందేమో గానీ, బిడ్డను కాదు. రోజుకు రెండుసార్లు మాత్ర మింగడమంటారా, ఒంట్లో బాగున్న పిల్లల చేత ఏళ్ల తరబడి ఆ పని చేయించడం ఏ తల్లికైనా కష్టమే.

అలాగని ప్రతి సంకోచమూ తప్పు కాదు. కవాటాలు తీవ్రంగా దెబ్బతిని గుండె బలహీనపడిన వారిలో, అలర్జీ లేకపోయినా, ఇంజెక్షన్ తర్వాత రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. వారికి మాత్రలే మేలన్న సూచన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ నుంచి 2022లో వచ్చింది. ఇక కేవలం ఏఎస్ఓ రక్తపరీక్ష ఎక్కువ వచ్చిందని నెలనెలా సూది పొడిచే వైద్యులూ లేకపోలేదు. ఆ పరీక్ష చెప్పేది గతంలో బ్యాక్టీరియా సోకిందని మాత్రమే. అంకె నెలల తరబడి దిగకపోవచ్చు కూడా. జబ్బు ఉందో లేదో తేలాలంటే లక్షణాలు చూడాలి, ఎకో తీయాలి.

కాబట్టి తల్లిదండ్రులు అడగాల్సింది సూదా, మాత్రా అని కాదు. ఎకోలో కవాటం ఎలా ఉంది? సూది వద్దనడానికి ఈ బిడ్డ విషయంలో కారణం ఏమిటి? క్లినిక్‌లో అడ్రినలిన్ సిద్ధంగా ఉందా? అలాగే తదుపరి ఇంజెక్షన్ తేదీని కార్డు మీద రాయించుకోవాలి. బతుకమ్మకు ఊరెళ్లే కుటుంబానికి ఆ తేదీ కరీంనగర్‌లో ఉండగానే రావచ్చు.