‘వారసత్వ కట్టడం’ అంటే సరిపోదు.. కాగితం మీద ఏ మాట ఉందో చూడాలి

మీ ఊళ్లో నూరేళ్ల నాటి భవనం ఒకటి కూల్చివేతకు వచ్చిందనుకోండి. ‘అది వారసత్వ కట్టడం, ముట్టుకోవడానికి వీల్లేదు’ అని ఒకరంటారు. ‘ఏ జాబితాలోనూ లేదు, పైగా శిథిలమైపోయింది’ అని మరొకరంటారు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. వారసత్వం అన్న మాట ఒక్కటే ఏ గోడనూ కాపాడదు. ఆ భవనం ఏ చట్టం కింద, ఏ పేరుతో నమోదై ఉందన్నదాన్ని బట్టే దాని భవితవ్యం తేలుతుంది. దాని పక్కన మీ ఇల్లుంటే, మీరు మేడ మీద మేడ వేసుకోగలరా లేదా అన్నదీ అక్కడే తేలుతుంది. తరచూ వినిపించే మాటలకు అర్థం ఏమిటో, దేనికి ఎంత బలం ఉందో చూద్దాం.

రక్షిత కట్టడం అంటే?

ఇది చట్టబద్ధమైన హోదా. చార్మినార్, గోల్కొండ కోట, లేపాక్షి ఆలయం వంటివి కేంద్ర రక్షిత కట్టడాలు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద భారత పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) వీటిని చూసుకుంటుంది. ఒక కట్టడాన్ని ఈ చట్టం కిందకు తేవాలంటే అది కనీసం నూరేళ్లనాటిదై ఉండాలి. ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇస్తారు. అభ్యంతరాలకు 2 నెలల గడువు ఉంటుంది. ఆ తర్వాతే తుది నోటిఫికేషన్.

రాష్ట్రాలకు వేరే చట్టాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన వారసత్వ చట్టం ఉన్నాయి. కాబట్టి ‘రక్షిత కట్టడం’ అని బోర్డు కనిపిస్తే, అది కేంద్రానిదా, రాష్ట్రానిదా అన్నది మొదట చూడండి. అనుమతి కోసం ఏ గడప తొక్కాలన్నది దాన్ని బట్టే ఉంటుంది.

100 మీటర్లు, 200 మీటర్లు.. ఏమిటీ లెక్క?

కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్ల వరకు ‘నిషేధిత ప్రాంతం’. అక్కడి నుంచి మరో 200 మీటర్లు ‘నియంత్రిత ప్రాంతం’. 2010లో చేసిన సవరణతో ఇది చట్టంలోనే చేరింది. కొలత కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి మొదలవుతుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

నిషేధిత ప్రాంతంలో కొత్త ఇల్లు కట్టడానికి వీల్లేదు. అయితే ‘నిషేధిత’ అంటే పైకప్పు కారుతున్నా చూస్తూ కూర్చోవాలని కాదు. 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నియంత్రిత ప్రాంతంలోనైతే కొత్త నిర్మాణానికి కూడా అడగవచ్చు. రెండింటికీ ముందస్తు అనుమతి తప్పనిసరి. దీన్నే వాడుకలో ఎన్‌ఓసీ అంటున్నాం.

మీ దరఖాస్తు అందిన 15 రోజుల్లో దాన్ని సంబంధిత అధికారి జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థకు పంపాలి. ఆ సంస్థ 2 నెలల్లో అభిప్రాయం చెప్పాలి. అది అందాక నెల రోజుల్లో అధికారి అనుమతి ఇవ్వడమో, నిరాకరించడమో చేయాలి. నిరాకరించే ముందు మీ వాదన వినాలి. అనుమతి లేకుండా కడితే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మున్సిపాలిటీ ప్లాన్ మంజూరు చేసిందన్నది దీనికి బదులు కాదు.

జాబితాలో ఉంటే రక్షణ ఉన్నట్టేనా?

అన్నిసార్లూ కాదు. జాబితాకు బలం ఇచ్చేది దాని వెనకున్న నిబంధన. హైదరాబాద్ అనుభవమే ఇందుకు ఉదాహరణ. నగరాభివృద్ధి జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద వారసత్వ భవనాల జాబితా వచ్చింది. ఏఎస్‌ఐ పరిధిలో లేని ప్యాలెస్‌లు, దేవిడీలు, చివరకు నగరంలోని కొండరాళ్ల సముదాయాలు కూడా అందులో చేరాయి. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. భవనాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటికి ఆధారమైన కాగితమే పోయింది.

దీని ప్రభావం 2019లో కనిపించింది. ఎర్రమంజిల్ ప్యాలెస్ ఉన్న చోట కొత్త శాసనసభ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. పాత నిబంధన రద్దయింది కాబట్టి ఆ భవనానికి రక్షణ లేదన్న వాదన కోర్టు ముందుకొచ్చింది. హైకోర్టు దాన్ని ఆమోదించలేదు. సెప్టెంబరు 16న మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. ప్యాలెస్ నిలిచింది. కానీ దానికోసం పౌరులు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

ప్రీసింక్ట్, గ్రేడ్ అంటే?

ఒక్క భవనాన్ని కాకుండా చుట్టూ ఉన్న వీధి, చౌరస్తా, కమాన్లు, దుకాణాల వరుసను కలిపి ఒక యూనిట్‌గా గుర్తిస్తే అది హెరిటేజ్ ప్రీసింక్ట్, అంటే వారసత్వ ప్రాంతం. చార్మినార్ చుట్టూ కమాన్లు, లాడ్ బజార్ లేవనుకోండి. నాలుగు మినార్లు మిగులుతాయి కానీ పాతబస్తీ మిగలదు. అందుకే ఈ మాట వచ్చింది.

గ్రేడ్ అనేది మార్పులకు ఎంత వెసులుబాటు ఉందో చెబుతుంది. ముంబయి వంటి నగరాల్లో మొదటి గ్రేడ్ భవనాన్ని దాదాపు ఉన్నదున్నట్టే ఉంచాలి. రెండో గ్రేడ్‌లో లోపల కొన్ని మార్పులకు వీలుంటుంది. మూడో గ్రేడ్‌లో వెసులుబాటు మరింత ఎక్కువ.

యునెస్కో గుర్తింపు వస్తే?

2021 జులైలో ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప ఆలయానికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ఇది గౌరవం, దాంతోపాటు అంతర్జాతీయ బాధ్యత. కానీ ఆలయం పక్కన అక్రమంగా కడితే అడ్డుకునేది యునెస్కో కాదు, మన చట్టమే. ఆలయం చుట్టూ ‘బఫర్ జోన్’ అని గీసిన గీతను అమలు చేయాల్సిందీ ఇక్కడి యంత్రాంగమే.

సంరక్షణ, పునరుద్ధరణ, పునర్నిర్మాణం ఒకటేనా?

పత్రికల్లో మూడింటినీ ఒకే అర్థంలో వాడేస్తుంటాం. టెండరు కాగితంలో మాత్రం తేడా చాలా ఉంది.

సంరక్షణ అంటే ఉన్నదాన్ని మరింత పాడవకుండా చూడటం. పునరుద్ధరణ అంటే తర్వాత వచ్చి చేరిన అనవసరపు మార్పులను తీసి పాత రూపాన్ని తేవడం. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర జరిగింది చాలావరకు ఇదే. గుమ్మటాల మీద ఇటీవలి దశాబ్దాల్లో పూసిన సిమెంటును తొలగించి, మళ్లీ సున్నంతో పూత వేశారు. సున్నపు గోడ లోపలి తేమను బయటకు వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే ఉండిపోయి రాయిని, పాత సున్నాన్ని తినేస్తుంది. అందుకే పాత గుడికో మసీదుకో ‘మరమ్మతు’ పేరుతో సిమెంటు బస్తాలు దిగుతున్నాయంటే ప్రశ్నించాల్సిందే.

పునర్నిర్మాణం అంటే పడిపోయినదాన్ని మళ్లీ కట్టడం. కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలోని బడీ బావిలో ఒక వైపు గోడ 2013 వర్షాలకు కూలింది. దాన్ని తిరిగి కట్టారు. ఇక్కడ పాటించాల్సిన సూత్రాన్ని 1964 నాటి వెనిస్ చార్టర్ చెప్పింది: ఆధారం ఉన్నంతవరకే పునరుద్ధరణ, ఊహ మొదలైన చోట ఆగిపోవాలి.

నాలుగోది తరలింపు. నాగార్జునసాగర్ నీటిలో మునగాల్సిన నాగార్జునకొండ కట్టడాలు కొన్ని, శ్రీశైలం ముంపు నుంచి అలంపురానికి చేరిన సంగమేశ్వరాలయం దీనికి ఉదాహరణలు. వేరే దారి లేనప్పుడే దీన్ని ఎంచుకుంటారు.

‘శిథిలావస్థ’ అని తేల్చేది ఎవరు?

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సిన మాట. ఏటా వానాకాలంలో మున్సిపల్ అధికారులు ప్రమాదకర భవనాలకు నోటీసులిస్తారు. ప్రాణాల విషయం కాబట్టి అది అవసరమే. అయితే పైకప్పు కారడం, ప్లాస్టరు ఊడటం నిర్వహణ లోపాలు. అవి ఉన్నంత మాత్రాన పునాది, గోడలు చెడినట్టు కాదు. ఆ తేడా చెప్పగలిగేది పాత కట్టడాల మీద అనుభవం ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరు. విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులైలో వాన నీరు చేరింది. రోగులను వేరే బ్లాకులకు మార్చి భవనాన్ని మూసేశారు. కూల్చాలా, బాగుచేయాలా అన్న వివాదం హైకోర్టుకు చేరింది. 2025 జనవరిలో కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. రోగులకు మంచి ఆసుపత్రి కావాలి, పాత భవనమూ ఉండాలి అన్నవి ఒకదానికొకటి అడ్డు కానక్కర్లేదని ఇది చెబుతోంది. కానీ ఖాళీ అయిన భవనాన్ని దేనికి వాడతారన్నది ముందే తేల్చకపోతే, తాళం వేసిన గదులే దాన్ని శిథిలం చేస్తాయి.

అడాప్టివ్ రీయూజ్, టీడీఆర్ ఏమిటి?

పాత భవనానికి కొత్త పని అప్పగించడం అడాప్టివ్ రీయూజ్. 2010లో హోటల్‌గా తెరుచుకున్న ఫలక్‌నుమా ప్యాలెస్, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీలో నడిచిన కోఠి మహిళా కళాశాల ఇందుకు ఉదాహరణలు.

టీడీఆర్ అంటే బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవారికి ఇచ్చే పత్రంగా మనకు ఇది తెలుసు. ముంబయిలో వారసత్వ భవన యజమానులకూ దీన్ని ఇస్తారు. తన స్థలంలో అదనపు అంతస్తులు కట్టలేని యజమాని, ఆ హక్కును వేరే చోట వాడుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. ఊరందరి వారసత్వానికి ఒక్క కుటుంబమే ఖర్చు భరించాలనడం న్యాయం కాదు. ఇలాంటి ప్రోత్సాహం లేని చోట యజమానే రాత్రికి రాత్రి కూల్చివేతకు దిగే ప్రమాదం ఉంది.

మీరు ఏం అడగాలి?

పాత కట్టడం దగ్గర స్థలం కొనే ముందు: అది కేంద్ర రక్షితమా, రాష్ట్ర రక్షితమా? హద్దు నుంచి మీ స్థలం ఎన్ని మీటర్లు? ఇంతకుముందు ఎన్‌ఓసీ ఉందా? కాపీ తీసుకోండి.

ఏదైనా కట్టడం కూల్చివేతకు వస్తే: అది ఏ జాబితాలో ఉంది, ఆ జాబితా ఏ నిబంధన కిందది, ఆ నిబంధన ఇప్పటికీ అమల్లో ఉందా? శిథిలమని చెప్పిన నివేదిక ఎవరిది? వీటిని సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి. అందుకే నోటీసు అంటించాక కాకుండా, భవనం నిలిచి ఉన్నప్పుడే అడగండి.